చెరువు గట్ల మీద దొరికిన దారి

మచిలీపట్నంలో దిగేసరికి మధ్యాహ్నమైంది. వాన ఆగింది, గాలి ఆగలేదు. వరద సహాయానికి వచ్చిన మా దళానికి ఊరి చివర ఒక కాలేజీలో బస. బెంచీలు గోడకు నెట్టి కిట్లు పరుచుకున్నాం. బండ్లు గ్రౌండులో పెట్టాం. సాయంత్రానికి చక్రాలు జానెడు లోతు దిగిపోయాయి.

నా సొంతూరు గుడివాడ పక్కనే. ఏళ్ల తరబడి ఎడారిలో, కొండల్లో పనిచేశాక సొంత జిల్లాకు యూనిఫాంలో రావడం అదే మొదలు, అదే చివర. దళంలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎవరు ఏం మాట్లాడాలన్నా నా మొహమే చూసేవారు. అది కాస్త తలకెక్కిందనే చెప్పాలి.

మా బండి ఎత్తైనది. నాలుగు చక్రాలూ లాగుతాయి, నడుము లోతు నీళ్లలో కూడా పోతుంది. డ్రైవర్ పక్కన కూర్చుని దారి చెప్పడం నా పని. ముందు అద్దం కింద ట్యాబ్ బిగించి ఉండేది. రబ్బరు కవరు, పైన పాలిథిన్ సంచి. సెల్ టవర్లు పడిపోయినా పనిచేసేలా మ్యాపు ముందే ఎక్కించుకునేవాళ్లం. మనం ఉన్నచోట నీలం బాణం. నడిచిన దారంతా నారింజ రంగు గీత. రోడ్డు కనపడని చోట ఆ గీతే దిక్కు. వెళ్లిన గీత మీదే వెనక్కి రావాలి, ఎందుకంటే ఆ నేల బండిని మోసిందని మనకు తెలుసు. కొత్తగా చేరిన వాళ్లకు ఇది నేర్పింది నేనే. గుడివాడలో టీ కొట్టు దగ్గర ఎవరైనా అడిగితే ఇంతవరకు దర్జాగానే చెబుతాను. తరువాతిది చెప్పడానికే నోరు రాదు.

మర్నాడు చల్లపల్లి, మోపిదేవి మీదుగా దివిసీమలోకి వెళ్లాం. అవనిగడ్డ దాటాక ఆర్డర్ వచ్చింది. సముద్రం వైపు చివరి పల్లెలో ఒకమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి, తెచ్చి ఆసుపత్రిలో చేర్చాలి. గాలికి పడవ వెళ్లలేకపోయింది. బండిలో సుబేదార్, డ్రైవర్, నర్సింగ్ అసిస్టెంట్, వెనక ఇద్దరు జవాన్లు, నేను.

తారు రోడ్డు వదిలి మట్టి రోడ్డు ఎక్కాం. పల్లెకు అదొక్కటే దారి. ఎడమ పక్క వరి చేలు. పాలు పోసుకున్న కంకులు నీళ్లలోకి వంగిపోయి ఉన్నాయి. కుడి పక్క సముద్రంలోకి పోయే మురుగు కాలవ. రోడ్డు కింది తూము గుర్రపుడెక్కతో పూడుకుపోయింది. చేలో నీళ్లు కాలవలోకి దిగాలంటే రోడ్డుకు గండి కొట్టాలి. మేం వెళ్లేసరికి ఇరవై మంది పారలు, గునపాలతో నిలబడి ఉన్నారు. ఆ ఊరి పేరు రాయను.

అందరికంటే ముందు ఒకావిడ ఉంది. నలభై ఏళ్లుంటాయి. చీర మోకాళ్ల మీదికి దోపుకుని, పార భుజాన వేసుకుంది.

"పాటు మొదలైంది సార్. సముద్రం వెనక్కి తీసేటప్పుడు కొడితేనే నీళ్లు లాగుతాయి. సాయంత్రం పోటొచ్చిందంటే సముద్రమే ఎదురొచ్చుద్ది. ఇంకో రోజు నానితే చేను కుళ్లిపోద్ది" అంది.

సుబేదార్‌కు హిందీలో చెప్పాను. ఆయన వాచీ చూసుకున్నాడు. "గండి పడితే మనం వెనక్కి రాలేం. ఆగమను."

నేను కిందికి దిగాను. "అక్కా, చివరి పల్లెలో కాన్పు మనిషి ఉంది. ఎక్కించుకుని ఈ దారినే రావాలి. మేం వచ్చేదాకా ఆగండి."

"ఎంతసేపు?"

"గంటన్నర."

వెనక నుంచి ఒకాయన విసుక్కున్నాడు. "వీళ్ల గంటన్నరలు చూడలేదా మనం? కొట్టండెహె."

ఆవిడ ఆయన్ని చేత్తో ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "తెలుగోడివేనా? మీదేవూరు?"

"గుడివాడ దగ్గరండీ, నందివాడ వైపు."

"మా ఆడపడుచుని పామర్రులో ఇచ్చాం" అంది. అంతే, చుట్టరికం కలిసిపోయింది. వెనక్కి తిరిగి కేకేసింది. "మనోడేనంట. ఆగండి." తరువాత నాతో మెల్లగా అంది. "నీ మాట మీద ఆగుతున్నాం తమ్ముడూ. కౌలు చేను. మాకు ఇదొక్కటే."

"వస్తాం అక్కా. ఈ దారినే."

పారలు కింద పెట్టి దారిచ్చారు.

పల్లె చేరాం. అమ్మాయిని నులక మంచం మీద మోసుకొచ్చారు. ఒళ్లు వణుకుతోంది, అత్తగారు తల పట్టుకుని ఉంది. నర్సింగ్ అసిస్టెంట్ చూసి, "తొందరగా" అన్నాడు. వాళ్లు ఆమెను ఎక్కించేలోపు నేను ట్యాబ్‌లో ఉపగ్రహం తీసిన ఫొటో పెద్దది చేసి చూశాను. పల్లె వెనక నుంచి చేపల చెరువుల గట్లు వరసగా ఉన్నాయి. గట్టు మీద గట్టు కలుపుకుంటూ పోతే నేరుగా కరకట్ట మీది రోడ్డు తగులుతుంది. దారి సగం తగ్గుతుంది.

"సాబ్, ఇటు ఇంకో దారి ఉంది!" అన్నాను. ఆ గొంతులో ఎంత సంబరమో నాకే ఇప్పటికీ వినిపిస్తుంది.

సుబేదార్ తెర మీదికి వంగాడు. "గట్టు మన బండిని మోస్తుందా?"

"చేపల మేత లారీలు తిరిగే గట్లు సాబ్. మా వైపు నాకు తెలుసు."

డ్రైవర్ ఒక్కడే గొణిగాడు. "వచ్చిన గీత ఉండగా ఇదెందుకు భాయ్?"

"నొప్పులు ఆగవు. పోనీ" అన్నాడు సుబేదార్.

అటూ ఇటూ చెరువులు, మధ్యలో బండి వెడల్పంత గట్టు. దాని మీదా నీళ్లే. చినుకు పడితే తెర దానంతటదే అటూ ఇటూ జరిగిపోయేది, చొక్కా చేతితో తుడుస్తూ చెప్పాను. "కొంచెం ఎడమ. నేరుగా. ఎడమ, ఎడమ." ఒకచోట వెనక చక్రం జారింది. అమ్మాయి అరిచింది. డ్రైవర్ పళ్లు బిగించి లాగేశాడు. కరకట్ట ఎక్కేశాం. ఆసుపత్రిలో చేర్చిన కాసేపటికే ఆడపిల్ల పుట్టిందని నర్సు వచ్చి చెప్పింది. సుబేదార్ నన్ను కావలించుకున్నాడు.

"మరి ఆ పారల వాళ్లు?" అన్నాడు డ్రైవర్.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. రేడియో తీసుకున్నాను. "మట్టి రోడ్డు దగ్గర మా కోసం ఆగిన రైతులకు కబురు పంపాలి. గండి కొట్టుకోమనాలి. ఓవర్."

"నోట్ చేసుకున్నాం. ఓవర్."

కంట్రోల్ రూమ్ ఎవరిని పంపుతుంది? ఫోన్లు లేవు, రోడ్లన్నీ నీళ్లలో ఉన్నాయి. అక్కడికి చేరగల బండి మాదే. ఇంకా వెలుగుంది, పాటు అయిపోలేదు. ఆ మాట సుబేదార్‌తో అనాలి. అనే లోపు మా పై అధికారి మేజర్ సాబ్ ఆసుపత్రి దగ్గరికి వచ్చారు. ట్యాబ్ ఊడదీసి బల్ల మీద పెట్టి, గట్ల మీది నారింజ గీతను మిగతా దళాల వాళ్లకు చూపించారు. "లోకల్ మనిషి ఉంటే ఇలా ఉంటుంది" అన్నారు. నా చేతిలో వేడి టీ గ్లాసుంది. నేను అడగలేదు. తెలియక కాదు. పొగుడుతున్నారు, వింటూ నిలబడ్డాను. తరువాత ఇంకో పని వచ్చింది, అటు వెళ్లిపోయాం. నిజం చెప్పాలంటే మళ్లీ మర్నాటి దాకా వాళ్లు నాకు గుర్తే రాలేదు. నా సిగ్గంతా అక్కడుంది.

మర్నాడు పొద్దున మందులు ఇవ్వడానికి అదే పల్లెకు వెళ్లమన్నారు. బరువుతో గట్ల మీద వద్దని, మట్టి రోడ్డునే పోయి, గండి ఉంటే అక్కణ్ణుంచి మోసుకెళ్లమన్నారు. రాత్రి పోటుకు నీళ్లు పెరిగి రోడ్డు కూడా మునిగిపోయింది. గండి ఎక్కడా లేదు. రోడ్డు రెండు అంచుల వెంట వెదురు కర్రలు పాతి ఉన్నాయి. ఒక్కో కర్రకు ఒక్కో చీర పేలిక. మా బండి తిరిగొచ్చేటప్పుడు కాలవలోకి జారకుండా దారి గుర్తులు పెట్టారు.

మా బండిని చూడగానే జనం కేకలేస్తూ లేచారు. కొడతారనుకున్నాను. కొడితే బాగుండేది. ఆవిడ నీళ్లలో పడుతూ లేస్తూ వచ్చింది.

"ఎటు పోయార్రా నాయనా! బండి కాలవలో పడిపోయిందేమోనని మా ఆయనా, ఇంకొకాయనా సగం దాకా ఎతుక్కుంటా వెళ్లారు. నీళ్ల తోపుడికి ఇంక ముందుకు పోలేక వచ్చేశారు."

"వేరే దారిన వెళ్లాం అక్కా."

"ఆ పిల్లకి కానుపయిందా?"

"ఆడపిల్ల. బాగున్నారు ఇద్దరూ."

"పోన్లే తండ్రీ."

"చేను?" అన్నాను.

ఆవిడ అటు తిరగలేదు. "ఉప్పు నీళ్లు ఎక్కేసినయ్యి. ఇంకేం కొడతాం."

నిన్న విసుక్కున్నాయనే బండికి దారి చూపించడానికి ముందు నడిచాడు.

వారానికి మా దళం వెనక్కి వెళ్లిపోయింది. నాకు ప్రశంసాపత్రం వచ్చింది. రిటైరై గుడివాడ వచ్చాక ఒక సభలో శాలువా కప్పారు, కప్పించుకున్నాను. అదింకో సిగ్గు. అవనిగడ్డ బస్సు రోజూ కళ్ల ముందు నుంచే పోతుంది, ఇంతవరకు ఎక్కలేదు. వెళ్లి ఏమని చెప్పను?

ఎన్నో చోట్ల పనిచేశాను. మంచు చూశాను, ఇసుక తుపాను చూశాను. కళ్లు మూసుకుంటే అవేవీ రావు. మొల లోతు నీళ్లలో ఆవిడ మా బండి చుట్టూ తిరుగుతూ, వేలు చూపిస్తూ మా తలలు లెక్కపెట్టడమే కనపడుతుంది. ఆరుగురమూ ఉన్నామని తేలాక, కుళ్లిపోతున్న చేను వెనకపెట్టుకుని, పైటచెంగుతో మొహం తుడుచుకుని నవ్వింది.