నీలం పూల జగ్గు

ఆ దీవిలో ఎవరి ముత్తాత సమాధి జాడ తెలియకపోయినా లువీనియా గాడ్సన్‌నే పిలుస్తారు. ఆమె చేతికర్రతో పొదలు పక్కకు నెట్టి, నేల ఎక్కడ కుంగిందో చూసి, "ఇదిగో, మీవాళ్లు ఇక్కడ పడుకున్నారు" అని చెప్పేస్తుంది. బానిసలుగా బతికిన నల్లజాతి పెద్దల కాలం నుంచి ఆ సమాధులకు చెక్కిన రాళ్లెక్కడివి? పోయినవాళ్లు ఆఖరిసారి వాడిన కప్పో, పళ్లెమో పగలగొట్టి పైన పెట్టేవాళ్లు. పగలగొట్టకపోతే ఇంట్లో చావు మీద చావు వస్తుందని భయం.

ఇంతమంది పెద్దల్ని వెతికిపెట్టిన మనిషికి కన్నతల్లి సమాధి మాత్రం దొరకలేదు. డెబ్బై దాటాయి. మోకాళ్లు మొండికేశాయి, నాలుగడుగులేస్తే ఆయాసం. తను పోయాక అమ్మ పక్కన పెట్టాలి, ఆమెకున్న కోరికల్లా అదే. అమ్మ ఎక్కడుందో తెలియకుండా ఎవరి పక్కన పెడతారు, పాపం!

తల్లి పోయేనాటికి ఆమె నాలుగేళ్ల పసిది. ఆచారం ప్రకారం పిల్లను శవపేటిక మీదుగా ఒకరి చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లోకి దాటించారు, తల్లి ఆత్మ బిడ్డ కోసం తిరిగి రాకుండా. అలా దాటుతుండగా కిందికి చూసింది. అమ్మ మంచినీళ్ల జగ్గు, నీలం పూలది, మట్టి పక్కన ఉంది. తర్వాత మేనత్త పట్నం తీసుకుపోయి పెంచింది. పెరిగి తిరిగొచ్చేసరికి ఆ చోటును అడవి మింగేసింది.

ఈ వసంతంలో ఏటిపాయ పక్క చిట్టడవిలో పాత సమాధులు కనబడ్డాయని పినతండ్రి కొడుకు ఎజ్రా కబురు పంపాడు. చర్చిలో డీకన్ అతను, అంటే సంఘం పెద్ద. మనసు మంచిదే, చేతులకే తొందరెక్కువ. లువీనియా ఆగి ఆగి అక్కడికి చేరేసరికి నేలంతా అద్దంలా ఉంది.

"చూశావా అక్కా! నువ్వు వంగలేవని పొద్దున్నే మనవాళ్లతో వచ్చి ఊడ్పించేశా. అబ్బో, ఎంత చెత్తనుకున్నావ్! అదిగో, కుప్ప పోయించా."

ఆమె కుప్ప వైపు తిరిగింది. కప్పులు, పళ్లేలు, గవ్వలు, దీపం చిమ్నీలు.

"ఒరేయ్, అది చెత్తట్రా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది! నిన్ను డీకన్ని చేసిందెవడ్రా?"

"మన శ్మశానంలో ఇప్పుడన్నీ ప్లాస్టిక్ పూలే కదక్కా. తాగుబోతులు పారేశారేమో అనుకున్నా..."

కర్రతో కుప్ప కెలికింది. అడుగున నీలం పూల జగ్గు. ఒక పక్క పగిలిపోయింది, పిడి లేదు. లువీనియా అక్కడే చతికిలబడింది. ఇన్నేళ్ల తిరుగుడూ ఒక్కసారిగా ఒంట్లోకి దిగినట్టయింది. తిట్టడానికి కూడా ఓపిక లేదు.

"అమ్మ ఇక్కడే ఉందిరా. ఇన్ని సమాధుల్లో ఏది అమ్మదని పోల్చుకోను?"

ఎజ్రా టోపీ తీసి చేత్తో నలుపుతూ జగ్గు వంక చూశాడు.

"మిగతావి ఏది ఎక్కడిదో చెప్పలేనక్కా. ఇది మాత్రం నా ప్రాణం తీసింది. చెట్టు వేరు పిడిలోంచి దూరి పెరిగిపోయింది. ఎంత లాగినా రాలా. విసుగొచ్చి పారతో ఒక్కటేశా. జగ్గు ఊడొచ్చింది, పిడి దానికే ఉండిపోయింది."

"ఏ చెట్టురా? లేపు నన్ను, లేపు!"

చెయ్యి పట్టుకుని సీడర్ చెట్టు దగ్గరికి నడిపించాడు. వేరు పిడికిట్లో నీలం పిడి బిగుసుకుని ఉంది. లువీనియా మెల్లగా కూలబడి, జగ్గును ఆ పిడికి ఆనించింది. పగిలిన అంచులు సరిగ్గా అతుక్కున్నాయి. ఆమె కళ్లు తుడుచుకోలేదు.

"మొండిది మా అమ్మ. నేనొచ్చేదాకా వదల్లేదు చూడు."

కాసేపటికి పక్కనున్న నేలను అరచేత్తో తడిమింది. ఎక్కడా కుంగలేదు, ఎవరూ లేరు.

"ఎజ్రా, ఈ చోటు గుర్తుపెట్టుకో. నేను పోయాక నన్నిక్కడ పెట్టి, నా కాఫీ కప్పు తెచ్చి పగలగొట్టి పైన పెట్టు. పగలగొట్టడం నీకు బాగా వచ్చుగా."