అన్నయ్య తెచ్చుకున్న మంచి నంబరు

మా అన్నయ్య రోగం తక్కువై చచ్చిపోయాడు. ఈ మాట వెటకారంగా ఉంటుందని నాకు తెలుసు. నా నోరు మంచిది కాదని మా అమ్మ చిన్నప్పటి నుంచి తిడుతూనే ఉంది. కానీ జరిగింది ఇదే. ఇంతకంటే మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు.

మాది అరకు దగ్గర కొండమీద ఊరు. కాఫీ, మిరియాలు, తినడానికి రాగులు. నాన్న నలభై దాటీ దాటకముందే ఓ రోజు కాఫీ పళ్ల బస్తా భుజాన వేసుకుని వస్తూ దారిలో కూలబడిపోయాడు. పళ్లు వాలులోకి దొర్లిపోతుంటే వెనక వస్తున్నవాళ్లు ముందు పళ్లు ఆపారు, తర్వాత నాన్నని లేపారు. అప్పటికి లేపడానికేం మిగల్లేదు. నాన్న కళ్ల కింద, వేళ్ల కణుపుల మీద పసుప్పచ్చని బుడిపెలుండేవి. అవి అదృష్టమని ఊళ్లో అనేవాళ్లు. ఆ అదృష్టం అన్నయ్యకీ నాకూ కూడా వచ్చింది.

పెళ్లయ్యాక నేను కిందికి దిగి రోడ్డు పక్కన కాఫీపొడి కొట్టు పెట్టుకున్నాను. ఒకసారి మెడికల్ క్యాంపుకి వచ్చిన డాక్టరు నా చేతి బుడిపెలు చూసి, మీ నాన్న ఎలా పోయాడమ్మా అని అడిగాడు. అన్నయ్యని కూడా పిలిపించి ఇద్దరికీ రక్తం తీయించాడు. కొలెస్ట్రాల్. అది నెయ్యీ మాంసం బాగా మెక్కేవాళ్ల జబ్బనుకునేదాన్ని. అంబలి తాగి బతికినవాళ్లకి కూడా తండ్రి రక్తంలోంచి వస్తుందట. ఇద్దరికీ రోజుకొకటి చొప్పున బిళ్లలు రాశారు. నేను రోజూ వేసుకున్నాను. అన్నయ్య మాత్రం గుండె పట్టేసినప్పుడు ఒకటి మింగేవాడు, తలనొప్పి బిళ్లలాగ.

నేను రోజూ మింగినా నా కొలెస్ట్రాల్ నంబరు దిగలేదు. అలాంటివాళ్ల కోసమే విశాఖలో ఒక పెద్ద ఆస్పత్రిలో ట్రయల్ జరుగుతోందని డాక్టరు చెప్పాడు. కొత్త సూదిమందు. కొందరికి మందు, కొందరికి ఉత్తి నీళ్లు. ఎవరికేది పడిందో చివరిదాకా ఎవరికీ చెప్పరు. పరీక్షలన్నీ వాళ్లే చేస్తారు, గుండెని కనిపెట్టుకుని ఉంటారు. నాకంటే అన్నయ్యని అందులో చేర్పించాలని నా ఆరాటం. తోటకి ఎక్కుతూ చెట్టు చెట్టుకీ ఆగి గుండె పట్టుకునేవాడు. చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు.

ట్రయల్ చూసే మేడమ్ ఫోన్లో వివరంగానే చెప్పింది. "ఎలా ఉన్నవాళ్లు అలాగే రండి. వేసుకునే బిళ్లలు మానొద్దు, కొత్తగా ఏదీ మొదలుపెట్టొద్దు." ఆ మాట అన్నయ్యకి యథాతథంగా అప్పజెప్పాను. సరే సరే అని తల ఊపాడు.

మా కొండమీద ఒక అలవాటుంది. కాఫీ పళ్లు కొనడానికి ఆఫీసర్లొచ్చే ముందు బస్తాలు విప్పుతాం. పచ్చికాయలు ఏరేసి, ఎర్రగా పండినవి పైన పరుస్తాం. చూసేవాడి ముందు బాగుండాలి, అంతే. అన్నయ్య తన రక్తాన్ని కూడా అలాగే సర్దాడు. నెల రోజులు అంబలి, ఉడికించిన ఆకుకూర. వేటమాంసం వండిన రోజున కూడా గిన్నె వైపు చూడలేదట. బిళ్లలు మాత్రం పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఇదంతా మేం తిరిగొచ్చేటప్పుడు బస్సులో తెలిసింది నాకు.

ఆస్పత్రిలో నన్ను తీసుకున్నారు. అన్నయ్యని తీసుకోలేదు. "బిళ్లలు వేసుకుంటున్నా నంబరు మా గీత దాటి ఉన్నవాళ్లకే ఈ సూది. మీది గీత కంటే కిందుంది. మీ బిళ్లలు మాత్రం మానకండి" అన్నాడు డాక్టరు. అన్నయ్య ఆయనకి వంగి దణ్ణం పెట్టాడు. మొహం మతాబాలా వెలిగిపోయింది.

ఘాట్ ఎక్కుతున్న బస్సులో నా చెవి దగ్గర నవ్వాడు. "సూసినావా సెల్లీ. నాను పాసైపోనాను. నీకే మార్కులు రానేదు." ఆ తర్వాత తన అంబలి సంగతీ బిళ్లల సంగతీ గొప్పగా చెప్పుకొచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వెధవా, అది పరీక్ష కాదురా అని బస్సులో అందరి ముందూ అరిచాను. పక్క సీటులో టూరిస్టులు మావైపు చూసి ఫోన్లు పైకెత్తారు. అన్నయ్య వాళ్ల వైపు తిరిగి కూడా నవ్వాడు.

మర్నాడు మేడమ్‌కి ఫోన్ చేశాను. ఆమె కోప్పడలేదు. "ఇప్పుడు కుదరదమ్మా. కొన్నాళ్లు రోజూ మానకుండా వేసుకోమనండి. అప్పటికీ గీత దాటి ఉంటే మళ్లీ చూద్దాం" అంది. ఆ మాట పట్టుకుని కొండెక్కాను. ఇంటి ముందు కోడిని కాలుస్తున్నారు. కొడుకుకి రోగం లేదని తేలినందుకు అమ్మ దేవతకి మొక్కు తీర్చింది.

"అన్నియ్యా, సూది అక్కర్లేదన్నారు గానీ మందు అక్కర్లేదన్నేదు. బిళ్లలు ఒగ్గీకు" అన్నాను, బతిమాలుతున్నట్టే.

"పాసైనోడికి ఇంకా పుస్తకాలేటి?" అన్నాడు వాడు. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు.

అమ్మ నవ్వలేదు. నన్నో చూపు చూసింది. "నీకు రోగముందని ఆడికి కూడా అంటగడతన్నావేటే? కుళ్లుమోతు గుంటా."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నాకు వేరే గ్లాసు. ఆస్పత్రివాళ్లు ఏరుకున్న మనిషిని కదా. అన్నయ్య కూతురు ఎనిమిదో క్లాసు చదువుతోంది, చిన్నప్పటి నుంచి నా కంచంలో తిని పెరిగింది. అది నా పక్కన కూర్చోబోతే అమ్మ రెక్క పట్టుకుని లాగేసింది. వదిన పొయ్యి వైపు తిరిగి కూర్చుంది. నా కన్నతల్లి మీద నాకు అసహ్యం పుట్టింది, దాచుకోవడం ఎందుకు.

అయినా వెళ్లాను. సూదికి విశాఖ వెళ్లొచ్చినప్పుడల్లా కొండెక్కి పోరాను. తిట్టాను, ఏడ్చాను. "నీళ్ల సూదికి అంత దూరం ఎల్తన్నావు, కొండ ఏరులో నీళ్లు నేవేటి?" అని అన్నయ్య ఎగతాళి చేసేవాడు. సంతలో తెలిసినవాళ్లు కనబడితే నన్ను చూపించి, మా సెల్లికి రోగం, నాకు నేదు అని చెప్పేవాడు. చెప్తూ మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేవాడు.

కాఫీ పళ్లు తోలు తీసి గింజలు కడిగే రోజుల్లో, తొట్టి దగ్గర వంగినవాడు వంగినట్టే పడిపోయాడు. జీపుకి కబురు చేశారు. జీపు రోడ్డెక్కకముందే అయిపోయింది. నేను వెళ్లేసరికి ఇంటి ముందు చాపమీద పడుకోబెట్టి ఉన్నారు. చేతులకి ఇంకా కాఫీ జిగురుంది.

అమ్మ నన్ను చూసి ఏడుపు ఆపింది. "రోగమున్నదానివి నువ్వు నిలబడ్డావు. ఏ రోగం నేనోడు ఎల్లిపోనాడు. ఆడి ఆయుస్సు నువ్వు తాగీసినావు."

"ఆడికి రోగం లేదని ఎవులూ సెప్పనేదు. నువ్వే అలా ఇనుకున్నావు" అన్నాను. శవం దగ్గర అనే మాట కాదు. అన్నాను. మళ్లీ అనాల్సి వస్తే మళ్లీ అంటాను. అమ్మ గుప్పెడు మట్టి తీసి నా మొహాన కొట్టింది. ఎవరూ ఆపలేదు.

దినాలయ్యాక వదిన కూతుర్ని వెంటబెట్టుకుని నా కొట్టుకి వచ్చింది. అమ్మకి చెప్పకుండా వచ్చిందేమో అనుకున్నాను. కాదు, చెప్పే వచ్చింది. "దాని అయ్యకే నేని రోగం దీనికెక్కడిది? పరీచ్చలంటే నాను విషం తాగుతాను" అందట అమ్మ. తాగమన్నాను అంది వదిన. ఆమె నోట అలాంటి మాట నేను వినడం అదే మొదలు.

ఆస్పత్రివాళ్లు నెల తర్వాతకి తేదీ ఇచ్చారు, ఆ రోజు గుంట చెయ్యి పట్టుకుని విశాఖ తీసుకెళ్లాను. పిల్లల్ని ట్రయల్లో తీసుకోరు, ముందు రక్తం చూపిస్తే మందు సంగతి డాక్టరు చెప్తాడు. రక్తం తీశాక తినడానికి నేను తెచ్చిన అరటిపండు వైపు బస్సులో అది కన్నెత్తి చూడలేదు. పరగడుపున రమ్మన్నారు కదాని ఊరుకున్నాను. ఆస్పత్రి బెంచీ మీద కూర్చున్నాక అడిగితే, నెల రోజుల్నుంచి అంబలే తాగుతున్నానని చెప్పింది. వాళ్ల నాయనమ్మ పెట్టిందట.

నర్సు పేరు పిలిచింది. అది లేచి, నా కొంగు పట్టుకుని ఆగిపోయింది.

"అత్తా, నాను పాసవ్వాలేటి, ఫెయిలవ్వాలేటి?"

నోరుమూసుకుని చెయ్యి చాపు అన్నాను. చాపింది. వేళ్ల కణుపుల మీద అప్పుడే పసుప్పచ్చని బుడిపెలు తేలుతున్నాయి.