ఎదెల్మీరా పన్ను

కొలంబియాలోని ఊయ్లా కొండవాలులో కాఫీ పండించే దోన్యా ఎదెల్మీరాకు మట్టిని రుచి చూసే అలవాటు ఉంది. చిటికెడు మన్ను నాలుక మీద వేసుకుని, పచ్చి జామకాయ కొరికినట్టు ముఖం పెట్టి, వేళ్లు పావడాకు తుడుచుకుంటుంది. "పులుపు బాగుంది. రాయిని అరిగించుకుంటుంది," అంటుంది. ఆమె లెక్కలో ఫాస్ఫేటు రాతిపొడిని పేడతో కలిపి ముందు చల్లాలి, నేలలోని పులుపు దాన్ని కరిగించాలి, ఆ పులుపును చంపే సున్నం మరుసటి ఏడు వెయ్యాలి. పన్నూ ఆ రాయీ ఒకే జాతి అని ఆమె వాదన. నమ్మనివాళ్లకు చూపించడానికి ఊడిన తన పన్నునే నెల రోజులుగా కిటికీలో, గ్లాసుడు నిమ్మరసంలో నానబెట్టి ఉంచింది.

రాతిపొడీ సున్నమూ కలిపి ఒకేసారి చల్లాలంటూ సహకార సంఘం ఇంజనీరు విల్మార్ సున్నం లారీతో సహా దిగాడు. అతనికి కడుపులో పులుపెక్కువ, గుండెల్లో మంట. సున్నంతో చేసిన బిళ్లలు ఎప్పుడూ జేబులో ఉంటాయి. ఎవరి మాట వినాలో తెలియక ఆ వాలు మీది పన్నెండు ఇళ్లవాళ్లూ ఆమె వాకిట్లో నిలబడ్డారు. ఎండలో వాదించి వాదించి నోరెండిన విల్మార్, కిటికీలో కనిపించిన గ్లాసు ఎత్తి, అందులో ఏముందో చూడకుండా గటగటా తాగేశాడు.

"అందులో నా పన్నుండాలి బాబూ," అంది ఎదెల్మీరా నింపాదిగా. "నిన్నటికి కందిబద్దంత మిగిలింది."

విల్మార్ గ్లాసు అడుగు చూశాడు. ఏమీ లేదు. చెయ్యి దానంతటదే జేబులోకి పోయి బిళ్ల తీసింది.

ఆమె అతని మణికట్టు పట్టుకుంది.

"తొందరపడకు నాయనా. ముందు పన్ను అరగనీ. సున్నం తర్వాత వేసుకుందువుగాని."