అత్తగారి ఊళ్లో తుఫాను క్యాంపు

నా మూలంగా ఒక ఊరి మగవాళ్లందరూ పట్టపగలు మిరపచేన్లలో బోర్లా పడుకున్నారు. ఒకాయన సగం గీసిన గడ్డంతో రైలెక్కి ఖాజీపేటలో తేలాడు. ఆ ఊరు మా అత్తగారిది. ఇంత విధ్వంసం చేసింది నేనేనని ఒప్పుకుంటాను గానీ, తప్పంతా నాదేనంటే మాత్రం ఊరుకోను. పూర్తిగా విని మీరే తీర్పు చెప్పండి.

అవి ఎమర్జెన్సీ రోజులు. వరంగల్‌లో ఒక విదేశీ సహాయ సంస్థ చిన్న ఆఫీసు తెరిచింది. ఏ దేశంలో తుఫాను వచ్చినా, భూకంపం వచ్చినా డాక్టర్లు, ఇంజినీర్లు విమానమెక్కి పోతారు. వాళ్ల వెనక గుడారం వేసేవాడు, బియ్యం బస్తా దించేవాడు, ఊరందరికీ వండేవాడు, బురదలో దిగబడ్డ జీపును లాగేవాడు ఉండాలి కదా. అటువంటి వాళ్లను తయారుచేయడమే మా ఆఫీసు పని. ఇప్పుడు డిగ్రీలవాళ్లు దీనికి లాజిస్టిక్స్ అని పేరు పెట్టి, కోటు తొడుక్కుని పాఠాలు చెబుతున్నారు. అప్పుడు దానికి పేరు లేదు, చెమట ఒక్కటే ఉండేది.

నా చదువు ఐదో తరగతి దగ్గరే ఆగింది. ఇంగ్లీషు నేర్పింది పకోడీ పొట్లాలు. పొట్లం విప్పి, పకోడీ పక్కన పెట్టి, కాగితం చదివే రకాన్ని నేను. ఆ సంస్థవాళ్ల పుస్తకం అట్టనుంచి అట్టవరకు బట్టీ పట్టేసరికి, డ్రైవర్లకూ వంటవాళ్లకూ స్టోరువాళ్లకూ తర్ఫీదు ఇచ్చే పని నాకే అప్పగించారు. కాకపోతే టెంపరరీ. చివర్లో ఒక ఊళ్లో ఉత్తుత్తి తుఫాను క్యాంపు పెట్టి చూపించాలి. దాన్ని చూడటానికి హెన్రిక్ అనే విదేశీ ఆఫీసరు వస్తాడు. ఆయనకు నచ్చితే ఉద్యోగం పర్మనెంట్. నచ్చకపోతే మళ్లీ రైస్ మిల్లులో గుమాస్తాగిరీ. మా ఆవిడ అప్పటికే పుట్టింట్లో నేను పర్మనెంట్ అయిపోయానని చాటింపు వేసి ఉంది. నా గుబులు మీకర్థమైంది కదా?

నెక్కొండ దగ్గరున్న అత్తగారి ఊరినే ఎంచుకున్నాను. మా మేనేజర్ ప్రభాకర్ సార్ ఎం.ఏ. చదివినవాడు. ముందుగా ఊరిపెద్దలకు ఒక మాట చెప్పి రమ్మన్నాడు.

"తుఫాను చెప్పి వస్తదా సార్?" అన్నాను.

నా జీవితంలో ఒక ఎం.ఏ. నోరు మూయించింది ఆ ఒక్కసారే. దేవుడికి అది నచ్చినట్టు లేదు.

పొద్దున్నే ముందు తెల్ల జీపు, వెనక లారీ. ఊరి బయట గుడారాలు లేచాయి. వంట మల్లయ్య హండాలో నీళ్లు మరగబెట్టాడు. బల్లమీద దూది, కట్లు, తళతళలాడే కత్తెరలు. పక్కన కరెంటు స్తంభానికి తెల్లచొక్కా తొడిగినట్టు హెన్రిక్. నేను జీపెక్కి మైకు పట్టాను. పుస్తకంలో ఉన్నదే చెప్పాను, కొంచెం మెరుగులు దిద్ది.

"క్యాంపు వచ్చింది. ఎవ్వలు భయపడకుండ్రి. పెండ్లయిన మొగోళ్లు ముందుగాల రావాలె. పిల్లలెంతమందో రాయించాలె. డాక్టర్ సాబ్ చూస్తడు. పోయేటప్పుడు ఒక దుప్పటి, ఒక బకెట్ ఇస్తం. జర గూడ నొప్పి గాదు."

రేషన్ లెక్కకు ఇంటి పెద్దలు ముందు రావాలని పుస్తకంలో ఉంది. ఆ చివరి మాట మాత్రం లేదు. క్యాంపంటే టీకాలనుకుని జనం జంకుతారు కదా, ధైర్యం చెబుదామని నేనే కలిపాను.

బ్యాటరీ అయిపోయిన రేడియోలాగా ఊరు టక్కున ఆగిపోయింది. ఆ తర్వాత ఎక్కడో ధబధబమని పరుగులు. మా డ్రైవర్ యాకూబ్ చూసొస్తానని పోయి, తెల్లబోయి తిరిగొచ్చాడు.

"అన్నా, ఊర్ల మొగోడన్నోడు లేడు. నన్ను జూసి మీ బామ్మర్ది గోడ దుంకిండు."

"ఎందుకట?"

యాకూబ్ నన్ను జాలిగా చూశాడు. "నువ్వు మైకుల జెప్పింది అచ్చం ఆపరేషన్ క్యాంపోళ్లు చెప్పేదేనాయె అన్నా. వాళ్లు గూడ బకెటే ఇస్తరు."

ఈ కాలపు పిల్లలకు చెప్పాలి. ఇక పిల్లలు పుట్టకుండా మగవాళ్లకు కోత పెట్టే క్యాంపులు ఊరూరా జోరుగా సాగుతున్న రోజులవి. బలవంతంగా పట్టుకుపోతున్నారని పుకార్లు. తెల్ల జీపు కనిపిస్తే మగవాడికి ముద్ద దిగేది కాదు. అలాంటి రోజుల్లో నేను కత్తెరలు పరిచి, నీళ్లు మరగబెట్టి, పెళ్లైనవాళ్లను ముందుగా రమ్మన్నాను.

హెన్రిక్ గడియారం చూసుకుని, బాధితులేరీ అన్నాడు. మావాళ్లు గరిటెలు పట్టుకుని బొమ్మల్లా నిలబడ్డారు. అప్పుడొచ్చింది బాధితురాలు, చేతిలో రోకలితో. మా అత్తగారు.

మావైపు అత్త అల్లుడికి ఎదురుపడదు, మాట్లాడదు. పెళ్లైనప్పటినుంచి తలుపు వెనక ఆమె కొంగు అంచు తప్ప నేనేమీ చూడలేదు. ఆమె ఆ మర్యాద తప్పలేదు. తలమీద కొంగు లాక్కుని, నాకు వీపు పెట్టి, నేరుగా హెన్రిక్‌తో మొదలుపెట్టింది.

"ఓ తెల్లాయనా, నీ పక్కన నిలవడ్డాయనకు జర చెప్పు. నా కొడుక్కు పెండ్లయి ఏడాది గాలే. మనుమన్ని ఎత్తుకోకముందే వాణ్ని కోయిస్తడా? పిల్లనిచ్చినం గదా, మా మీద గింత పగెందుకు?"

ఏమంటోందని హెన్రిక్ నన్నడిగాడు.

"కొడుకు కనిపించడం లేదట సార్. వంశం కొట్టుకుపోతుందని ఏడుస్తోంది."

హెన్రిక్ కళ్లు చెమర్చాయి. ఎంత సహజంగా ఉందో అని మురిసిపోయి మావాళ్లకు సైగ చేశాడు. పొద్దుటినుంచి ఒక్క బాధితుడి కోసం ఆవురావురుమంటున్నవాళ్లు, పన్నెండుమందీ ఆమెమీద పడ్డారు. ఒకడు దుప్పటి కప్పాడు. ఒకడు వయసడిగాడు. కట్టు కట్టేవాడు ఆమె చేతికి రోకలితో సహా కట్టు కట్టేశాడు.

"తెల్లాయనా, గీళ్లకేం రోగం? నన్నెందుకు సుట్టవడ్తాండ్రు?"

"మీ సాయం మరిచిపోనంటోంది సార్."

ఇక లాభం లేదని నేను కూడా హెన్రిక్‌తోనే తెలుగులో మొరపెట్టుకున్నాను. "సార్, ఆమెకు చెప్పుండ్రి. ఇది ఉత్తుత్తి తుఫాను. అన్నం పెట్టుడు నేర్సుకుంటానం, అంతే. ఇది చెడితే నా నౌకరీ పోతది, ఆమె బిడ్డె పస్తులుంటది."

హెన్రిక్ ఇద్దరికీ శ్రద్ధగా తలూపాడు. ఆమె మాత్రం ఊరికే నమ్మే మనిషి కాదు. గుడారం గుడారం తెర ఎత్తి చూసింది. హండా మూత తీయించింది.

"గీండ్ల కత్తులేమన్న ఉన్నయా?"

"పప్పుగుత్తి ఉన్నది పెద్దమ్మా" అన్నాడు మల్లయ్య.

ఆమె కట్టు కట్టిన రోకలి భుజాన వేసుకుని, జీపు దగ్గరికి పోయి మైకు అందుకుంది.

"ఓ పిలగాండ్లూ, ఇండ్లకు రాండ్రి. క్యాంపు పెట్టింది మా అల్లుడే. ఒకలకు ఆపరేషన్ జేసే తెలివి ఆయనకు యాడిది? బకెట్లు ఉత్తగనే ఇస్తాండు, వచ్చి తీసుకపోండ్రి."

మిరపచేన్లలో ఒక్కసారిగా తలకాయలు మొలకెత్తాయి. మొదట మా బామ్మర్ది, వాడి వెనక ఊరంతా. మధ్యాహ్నానికి అన్నం హండాలు ఖాళీ, బకెట్లు ఖాళీ. అంత అద్భుతమైన క్యాంపు తాను ఎక్కడా చూడలేదన్నాడు హెన్రిక్. ఆ ఒక్క మాటతో ఊరంతా కదిలొచ్చిందే, ఇంతకూ ఆమె ఏమన్నదని అడిగాడు.

"నా తెలివిమీద ఆమెకు పూర్తి నమ్మకముందని చెప్పింది సార్" అన్నాను.

అక్కడికక్కడే చెయ్యి కలిపి పర్మనెంట్ చేశాడు. అత్తగారు మళ్లీ తలుపు వెనక్కి పోయింది. ఆ తర్వాత నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడాల్సింది మైకులోనే అయిపోయింది కదా.

అందుకే, నాకు ఇంగ్లీషు నేర్పిన పకోడీ పొట్లం సాక్షిగా ఒట్టేసి చెబుతున్నాను. ఇక ఏ తుఫానైనా సరే, ముందుగా చెప్పే తెస్తాను. పెళ్లైనవాళ్లను ముందు రమ్మనను. బకెట్ పేరెత్తను. అన్నిటికన్నా ముఖ్యంగా, అత్తగారు ఊళ్లో ఉండగా మైకు ఆమెకు అందేచోట పెట్టను.