మిర్చి పక్కన ఎండిన సిగార్లు

కరీంనగర్‌లో మా ఖలీల్ దుకాణం మేడ మీద సిగార్ల దావత్‌గా మొదలై దగ్గుల దావత్‌గా ముగిసిన సంగతి తెలిసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. ఆ సిగార్లు నాసిరకమని, తెచ్చిన యూసుఫ్‌కు సరుకు చూసే తెలివి లేదని కూడా చెప్పుకుంటారు. ఆ మాట పుట్టించింది నేను. ఆ రోజు చెప్పకుండా మింగేసిన మాట ఇంకొకటి ఉంది: సిగార్లు బంగారంలా ఉండేవి, వాటిని పాడుచేసింది కూడా నేనే.

ఎలా పాడుచేశానో వింటే మీకు నవ్వొస్తుంది. నవ్వండి. నాకే చాన్నాళ్ళుగా నవ్వు రావడం లేదు.

ముందు నా అర్హతలు చెప్పాలి. దుబాయ్‌లో ఒక పెద్ద హోటల్లో పనిచేశాను. ఆ హోటల్లో సిగార్లు తాగడానికే ఒక గది ఉండేది. ఇంతవరకు నిజం. ఆ గదిలో కూచునే దొరల కోట్లు మా లాండ్రీకి వచ్చేవి. వాటి పొగ వాసన వదిలించడం, నిప్పు పడి కాలిన బొక్కలు వెతికి గుర్తు పెట్టడం నా పని. ఇదీ నిజమే గానీ, దీన్ని తిరుగు విమానం ఎక్కేటప్పుడు అక్కడే వదిలేసి వచ్చాను. కరీంనగర్‌లో దిగినవాడు సిగార్ గది పెద్దమనిషి. "ఏది మంచిదో దొరలు నన్నడిగే తాగేటోళ్ళు" అని ఖలీల్ దుకాణం ముందు స్టూల్ మీద కూచుని చెప్తుంటే, పాన్‌లో సున్నం ఎక్కువై నోరు మండుతున్నా కదలకుండా వినేవాళ్ళు జనం.

ఖలీల్ నా చిన్ననాటి దోస్తు. పాన్, జర్దా అమ్ముతాడు. అతని బామ్మర్ది యూసుఫ్ హైదరాబాద్‌లో మంచి నౌకరీ వదిలేసి, అప్పుడే కొత్తగా వచ్చిన ఖరీదైన సిగార్‌కు మా వైపు ఏజెన్సీ అడిగాడు. కరీంనగర్‌లో గ్రానైట్ సేట్లకు కొదవ లేదు, వాళ్ళ దగ్గరికి బయటి దేశాల బేరగాళ్ళు వస్తుంటారు. మొదటి దావత్ సేట్లకు నచ్చితే ఏజెన్సీ నీదేనని కంపెనీ వాళ్ళు మాటిచ్చారు. మరి సేట్ల ముందు రుచి చూసి తీర్పు చెప్పేదెవరు? ఇంకెవరు!

"రాజేశం, సిగార్ డబ్బాలు మీ ఇంట్ల పెడుతున్న యార్. దుకాణంల జాగ లేదు, మేడ మీది రేకులు పెనం లెక్క కాల్తున్నయ్," అన్నాడు ఖలీల్.

"జర పైలం అన్నా. మూత తియ్యద్దు. నీడకు ఉండాలె," అన్నాడు యూసుఫ్.

"నాకు చెప్తున్నవా తమ్మీ?"

"తప్పయింది అన్నా! దుబాయ్‌ల జూసినోనివి, నీకు చెప్పుడేంది," అని పిల్లాడు చెవులు పట్టుకున్నాడు.

వాళ్ళు మలుపు తిరగగానే మూత తీశాను. ఒక సిగార్‌ను చెవి దగ్గర పెట్టుకుని నొక్కాను. చప్పుడు లేదు. అరటిపండులా మెత్తగా ఉంది. మా అవ్వ బతుకంతా బీడీలు చేసింది. మెత్తబడిన బీడీలను కార్ఖానాలో ఏరి పారేసిన రోజు ఆమె అన్నం ముట్టేది కాదు. బీడీ అన్నాక నొక్కితే చిటపటలాడాలి. సిగార్ అంటే ఏమిటి, బాగా తిని బలిసిన బీడీయే కదా! చెమ్మ పట్టిన సరుకును ఎవరో యూసుఫ్‌కు అంటగట్టారు. నేనుండగా ఆ పిల్లాడు మునగడమా?

మే నెల ఎండ. డాబా మీద నా భార్య సుగుణ మిరపకాయలు ఎండబోసింది. వాటి పక్కనే పాత చీర పరిచి సిగార్లను వరసగా పడుకోబెట్టాను. సుగుణ పైకొచ్చి చూసింది.

"ఏందివి? బీడీలకు వాపొచ్చిందా?"

"నీకు తెల్వది. దొరల సరుకు."

"దొరల సరుకుకు నా మిరపకాయల పక్కన ఏం పని?"

మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. నేను పైకి ఉరికేసరికి సిగార్లూ మిరపకాయలూ వియ్యమందుకున్నట్టు కలగలిసి ఉన్నాయి. ఏరి, తువ్వాలతో తుడిచి, డబ్బాల్లో సర్ది, మూతలు పెట్టేశాను. ఇప్పుడు నొక్కితే చిటపటమన్నాయి. ఎంత తృప్తిపడ్డానని! సిగార్‌కు ఆ చెమ్మే, ఆ మెత్తదనమే ప్రాణమని నాకప్పుడు తెలీదు.

దావత్ రోజు యూసుఫ్ కొత్త కోటు వేసుకుని, మొదటి సిగార్ నా చేతికిచ్చాడు. వెలిగిస్తే వరిగడ్డిలా భగ్గుమంది. మొదటి దమ్ముకే కళ్ళల్లోంచి నీళ్ళు. మేడంతా నా నోటి వైపే చూస్తోంది.

"ముందుగాల తోలు వాసన," అన్నాను దగ్గు ఆపుకుంటూ. "తర్వాత కాఫీ. ఆఖరుకు... మిరియం ఘాటు."

క్వారీల యజమాని సాంబయ్య సేటు ఒక దమ్ము లాగి కందగడ్డలా అయ్యాడు. "మిరియం కాదు రాజేశం, మిర్చి! మా ఇంట్ల పోపు మాడితె గిట్లనే ఉంటది."

"గదే సేట్! గా ఘాటు కోసమే దుబాయ్‌ల దొరలు పడి సస్తరు."

"నేను గూడ సస్తున్న! నీళ్ళు తెండ్రి!"

ఇక మొదలయ్యాయి దగ్గులు, క్వారీలో తూటాలు పేలినట్టు. ఆకు పెళపెళా పగిలి, నిప్పురవ్వ ఎగిరి సాంబయ్య సేటు తెల్లచొక్కా మీద పడింది. దాని అంచు చూసి బొక్క కుట్టుకు లొంగుతుందో లేదో అక్కడికక్కడే చెప్పగలిగేవాణ్ణి. ఆ మేడ మీద నాకు నిజంగా తెలిసిన విషయం అదొక్కటే.

యూసుఫ్ పగిలిన సిగార్ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"అన్నా, మూత తీసినవా?"

అవునంటే ఏమయ్యేది? కాసేపు తిట్లు, నా స్టూల్‌కున్న కాస్త ఇజ్జత్ పోవడం. అంతే.

"చెయ్యి గూడ పెట్టలే," అన్నాను. అక్కడితో ఆగానా? "సరుకే ఖరాబున్నది ఖలీల్. తెచ్చెటోడు చూసుకొని తేవాలె గద."

ఖలీల్ తన బామ్మర్ది వైపు తిరిగాడు. "నలుగుర్ల నా ఇజ్జత్ తీసినవ్ గదరా!"

ఏజెన్సీ ఇంకొకరికి పోయింది. యూసుఫ్ ఆదిలాబాద్‌లో పత్తి మిల్లులో పనికి కుదిరాడు. అక్క ఇంటి గడప మళ్ళీ తొక్కలేదు. ప్రతి ఈద్‌కు ఖలీల్ భార్య షహనా భాభీ సేమియా గిన్నె నా ముందు పెట్టేది. "తమ్ముడు రాలే. నువ్వన్న తిను అన్నా." తిన్నాను. సిగ్గు లేకుండా రెండోసారి కూడా పోయించుకున్నాను.

మా ఇంట్లోనేమో ఆ ఏడాదంతా కారానికి సిగార్ వాసన. పప్పు తిన్నా పొగ తాగినట్టే. మొన్నటి ఈద్‌కు నేను సేమియా తిని వస్తే సుగుణ గుమ్మంలోనే ఆపింది. "గా భాభీకి నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?"

నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ బస్సెక్కాను. యూసుఫ్ జుట్టు నిండా పత్తి పీచు, ముసలివాడిలా ఉన్నాడు. తడబడుతూ అంతా చెప్పాను.

"నాకు ఆ రోజే తెల్సన్నా," అన్నాడు. "ఆకు మడతల మిర్చి గింజ దొరికింది. మా బావకు చూపెట్టిన."

"మరి?"

"'రాజేశం దుబాయ్‌ల జూసినోడు, గాయనకు తెల్వదా' అన్నడు."

మాఫ్ చెయ్యమని చేతులు పట్టుకోబోతే వెనక్కి లాక్కున్నాడు. "నాకెందుకన్నా? నువ్వు గొప్పలు చెప్పిన కాడ్నే చెప్పు."

తిరుగు బస్సులో, కిటికీ కడ్డీ పట్టుకుని, పక్కసీటాయన నిద్ర సాక్షిగా ప్రమాణం చేశాను: ఇక బతికుండగా నిప్పు తగిలే ఏ వస్తువు మీదా తీర్పు చెప్పను. అగరుబత్తి వాసన ఎలా ఉందని అడిగినా నోరు తెరవను. కూరలో కారం సరిపోయిందా అంటే సుగుణనే అడగమంటాను.

బస్సు దిగి తిన్నగా దుకాణానికి పోయాను. స్టూల్ ఖాళీగానే ఉంది. కూచోలేకపోయాను. పాన్ కోసం నిలబడ్డవాళ్ళందరి ముందూ చెప్పాను.

"ఖలీల్, దుబాయ్‌ల నేను సిగార్ ముట్టలే. దొరల కోట్లు ఉతికిన. మూతలు తీసింది నేనే, ఎండల పెట్టింది నేనే."

ఆకుకు సున్నం రాస్తున్న ఖలీల్ వేలు ఆగిపోయింది. తల ఎత్తలేదు.

"మరి గా మిర్చి గింజ?"

"మా డాబా మీదిదే భాయ్. యూసుఫ్ తప్పేం లేదు. నన్ను మాఫ్ చెయ్యి."