ఊఁగారి మొదటి పాటలు

మా ఆయనకు మిల్లులో ఊఁగారు అని పేరు. ఎవరేం చెప్పినా "ఊఁ" అనేవారు కాబట్టి ఆ పేరొచ్చింది. "భోంచేశావా?" అంటే ఊఁ. "నీ మగ్గంలో దారం తెగిందయ్యా" అంటే ఊఁ. ఒకసారి సూపర్‌వైజరు "రేపు సెలవు కావాలన్నది నువ్వేనా?" అని అడిగితే దానికీ ఊఁ అన్నారు. మర్నాడు పనికి వెళితే "సెలవు తీసుకుని మరీ వచ్చావేంటి?" అని గేటు దగ్గరే పగలబడి నవ్వారట. ఇంటికొచ్చి నాకు చెప్పి తనూ నవ్వారు గానీ, ఆ నవ్వు పెదాలు దాటి కళ్లదాకా రాలేదు.

నేత మిల్లులో అప్పటికి ఆయనది పదిహేనేళ్ల సర్వీసు. ఒకే షెడ్డులో నలభై మరమగ్గాలు. నేను ఒకసారి క్యారియరు ఇవ్వడానికి వెళ్లి గుమ్మం దగ్గరే చెవులు మూసుకున్నాను. లోపల ఎవరూ నోటితో మాట్లాడుకోవడం లేదు, చేతులతో, కనుబొమలతో కానిస్తున్నారు. ఆ చప్పుడు మా ఆయన చెవుల్ని కొద్దికొద్దిగా తినేసింది. మేం తెలుసుకునేసరికి తినాల్సిందంతా తినేసింది.

చెవి డాక్టరమ్మ ఆయన్ని ఓ గాజు గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినబడినప్పుడల్లా మీట నొక్కమంది. తర్వాత కాగితం మీద గీత గీసి చూపించింది. గీత కొంతదూరం తిన్నగా నడిచి, మేడ మీంచి దూకినట్టు ఒక్కసారిగా కిందికి పడిపోయింది.

"లావు చప్పుళ్లు బాగానే వినిపిస్తాయి. సన్నవే పోయాయి. పిట్టల కూతలు, చిన్నపిల్లల మాటలు అందవు" అని, నా వైపు తిరిగి, "మీ గొంతు మాత్రం ఆయనకు బాగా అందుతుందమ్మా" అంది.

నాది బొంగురు గొంతు. ఫోనెత్తితే అవతలివాళ్లు "సార్" అనేవాళ్లు. పుట్టాక మొదటిసారి ఆ గొంతుకో మర్యాద దక్కింది. సంతోషించడానికి మాత్రం మనసొప్పలేదు. అప్పుడు మా పాపకి ఎనిమిదేళ్లు. దాని గొంతు ఈల వేసినట్టు సన్నగా ఉండేది. బడి నుంచి వచ్చి నాన్న ఒళ్లో కూర్చుని ఊరి కబుర్లన్నీ చెప్పేది. ఆయన దాని మొహంలోకే చూస్తూ, అది నవ్వితే నవ్వుతూ, అది ఆగితే ఊఁ కొట్టేవారు. ఒక సాయంత్రం అది నా దగ్గరికొచ్చి, "అమ్మా, నేను పరీక్ష తప్పానని చెప్పినా నాన్న నవ్వాడే" అంది. నిజంగా తప్పలేదు. పరీక్షించడానికే చెప్పింది.

అప్పటి నుంచి ఆయన మరీ ముడుచుకుపోయారు. పని, ఇల్లు, కిటికీ పక్క కుర్చీ. పెళ్లిళ్లకి పిలిస్తే నన్నొక్కదాన్నే పంపేవారు.

ఆ రోజుల్లోనే మిల్లు క్యాంటీన్ వంటాయన మా ఇంటికొచ్చాడు. మిల్లులో వాళ్లదో చిన్న బ్యాండు. ఇతను గిటారు వాయిస్తూ పాడతాడు. ఎలక్ట్రీషియన్ డ్రమ్ములు కొడతాడు. బేస్ గిటారు వాయించే గుమాస్తాకి బదిలీ అయిపోయింది. చంకలో గోనెపట్టా చుట్టిన పొడుగాటి మూటతో మెట్లెక్కి వచ్చి, రొప్పుతూ నిలబడ్డాడు.

"వదినా, అన్నని నాకు అప్పగించు. బేస్ వాయించేవాడు కావాలి."

"మీకు మతి పోయిందా? ఆయనకి వినబడదని తెలిసీ..."

"సన్నవే కదా వినబడనివి? ఇది సన్నగా పలకమన్నా పలకదు" అంటూ మూట విప్పాడు. లోపల చెప్పులు కుట్టే దారాలంత లావు తీగలు నాలుగున్నాయి.

నేను ఆయన చెవి దగ్గరగా జరిగి విషయం చెప్పాను. మా ఆయన ఆ గిటారునీ వంటాయననీ మార్చి మార్చి చూసి, "నాతో ఎగతాళా?" అన్నారు. వంటాయన నవ్వలేదు. అన్నిటికంటే లావు తీగ మీటి, గిటారు వెనక చెక్కని మా ఆయన రొమ్ముకి ఆనించాడు. ఆయన కదలకుండా కూర్చున్నారు. చప్పుడు పూర్తిగా చచ్చిపోయేదాకా ఊపిరి కూడా పీల్చుకోలేదనుకుంటాను. తర్వాత తనే చెయ్యి చాచి ఆ తీగని మళ్లీ మీటారు.

మొదటి పాట వంటాయన సొంతది. క్యాంటీన్లో టీ ఆలస్యమైనప్పుడు తిట్లు తప్పించుకోవడానికి కట్టాడు.

నీళ్లింకా మరగలేదు, కాస్త ఆగండి,
నా తప్పేం లేదు, ఇది పొయ్యి తప్పండి.

దానికి బేస్‌లో రెండే స్వరాలు చాలు. గిటారు మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతల్ని మెట్లంటారు. లావు తీగ మీద మూడో మెట్టు, దాని పక్క తీగ మీద మూడో మెట్టు. వంటాయన టీ చీటీ వెనక నాలుగు గీతలు గీసి, రెండు చుక్కలు పెట్టి, "ఆగండి దగ్గర ఇది, తప్పండి దగ్గర అది. అంతే అన్నా, ఇందులో ఇంకేం లేదు" అన్నాడు.

ఇంకేం లేని ఆ పాటకి మా ఆయనకి ఇరవై రోజులు పట్టింది. గిటారు చప్పుడు పెంచే స్పీకరు పెట్టె మిల్లులోనే ఉంది. ఇంట్లో ఉత్త తీగల చప్పుడు నాకే సరిగా అందేది కాదు. మొదట్లో తీగని వేలితో అదిమితే గరగరమనేది. ఇంకా గట్టిగా అదిమితే వేలి కొస బొబ్బ లేచేది. బొబ్బలు చితికి కాయలు కాశాయి. దాంతో మిల్లులో కొత్త తంటా. కాయలు కాసిన వేళ్లకి సన్నదారం చిక్కుకుని తెగడం మొదలైంది. సూపర్‌వైజరు చీవాట్లు పెడితే, ఈసారి ఊఁ అనకుండా, "పాట నేర్చుకుంటున్నానండీ" అన్నారట. రోజూ స్నానాల గదిలో పాదాలు రుద్దుకునే రాయితో ఎడమచేతి వేళ్లు అరగదీసుకుని పనికెళ్లేవారు. సాయంత్రం మళ్లీ కాయలు కాయించుకునేవారు.

ఒక ఆదివారం నేను కుట్టుమిషను దగ్గర కూర్చుని తల తిప్పితే, ఆయన గిటారు మీద దవడ ఆనించి, కళ్లు మూసుకుని ఉన్నారు. నిద్రపోయారేమో అనుకున్నాను. వేళ్లు మాత్రం కదులుతున్నాయి.

"ఇలా రా, నువ్వూ ఆనించి చూడు" అని పిలిచారు.

ఆనించాను. ఆయన మీటగానే నా పళ్లు, పుర్రె, వెన్ను అన్నీ ఒక్కసారి గుమ్మన్నాయి. బయట వినిపించని పాట లోపల అంత గట్టిగా ఉంది. "కూర మాడుతోంది" అని లేచి వెళ్లిపోయాను. పొయ్యి మీద కూరేం లేదు.

రెండో పాట వంటాయనే నేర్పాడు. మూడోది మా పాప నేర్పింది. బళ్లో నేర్చుకున్న వాన పాట అది. దాని మాటలు ఆయనకి అందవు కాబట్టి, ఆయన మోకాలి మీద అరచేత్తో తాళం కొట్టేది. ఒక దెబ్బంటే లావు తీగ, రెండు దెబ్బలంటే పక్క తీగ. ఆయన తప్పు తీగ మీటితే మోకాలి మీద చరిచేది. వాళ్లిద్దరూ అలా గంటలు గంటలు కూర్చునేవాళ్లు. పాప ఏం పాడుతోందో ఆయనకి తెలియదు, అయినా అది ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో ఆయనకి తెలిసిపోయేది.

మిల్లు వార్షికోత్సవం మధ్యాహ్నం పూట పెట్టారు, బట్టల బేళ్లు పేర్చే గోడౌన్లో. నేనూ పాపా మూడో వరసలో కూర్చున్నాం. మా ఆయన స్టూలు మీద కూర్చుని గిటారుకి దవడ ఆనిస్తే వెనకాల ఎవరో, "ఊఁగారికి అప్పుడే కునుకొచ్చింది" అన్నారు.

టీ పాట మొదలైంది. ఒక చరణం బాగానే నడిచింది. రెండోది సగంలో ఉండగా కరెంటు పోయింది. మైకు ఆగింది, పెట్టెలన్నీ మూగబోయాయి. వంటాయన నోరు తెరిచి అలాగే నిలబడ్డాడు. ఎలక్ట్రీషియన్ డ్రమ్ములొదిలి ఫ్యూజు కోసం పరిగెత్తబోయాడు.

మా ఆయన మాత్రం ఆపలేదు. ఆయన వింటున్నది పెట్టెలోంచి కాదు, దవడలోంచి. కళ్లు మూసుకుని వాయిస్తూనే ఉన్నారు. మగ్గాలు ఆగిన మిల్లులో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ చూడలేదు. ఆ నిశ్శబ్దంలో ఉత్త తీగల చప్పుడు, టుమ్, టుమ్ అని, మూడో వరసదాకా వచ్చింది. ఎలక్ట్రీషియన్ వెనక్కొచ్చి, డ్రమ్ము పుల్లలు పక్కన పెట్టి, వేళ్లతో మెల్లగా అందుకున్నాడు. వంటాయన మైకు లేకుండానే, మామూలు గొంతుతో "నా తప్పేం లేదు" అన్నాడు. "ఇది పొయ్యి తప్పండి!" అని గోడౌనంతా పాడింది. మా పాప అందరికంటే గట్టిగా పాడింది.

పాటయ్యాక ఆయన కళ్లు తెరిచారు. జనమంతా నిలబడి ఉన్నారు. ఏదో పొరపాటు జరిగిందనుకుని నా వైపు చూశారు. ముందుకెళ్లి నా బొంగురు గొంతుతో చెప్పాను. "కరెంటు పోయిందండీ."

"ఎప్పుడు?"

"ఒకటిన్నర చరణం కిందట."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి "ఊఁ" అని నవ్వారు. ఈసారి ఆ నవ్వు కళ్లదాకా వచ్చింది.

ఆ బ్యాండు పదకొండేళ్లు నడిచింది. ఆయన పాతిక పాటలు నేర్చుకున్నారు. పిలిచిన పెళ్లిళ్లన్నిటికీ నాకంటే ముందు తయారై, గిటారుతో గుమ్మంలో నిలబడేవారు.

తర్వాత మంచి చెవి మిషన్లు వచ్చాయి. మా అమ్మాయి తన మొదటి ఉద్యోగంలో చేరగానే ఒకటి తెచ్చి పెట్టించింది. ఇంటికొస్తూ దారి పొడుగునా ఆయన ఉలిక్కిపడుతూనే ఉన్నారు. చెప్పుల చప్పుడు, కాగితం చప్పుడు, గొళ్లెం చప్పుడు. "ఇంత గోలలో ఎలా బతుకుతున్నారే మీరంతా!" అన్నారు.

కుదుటపడ్డాక అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఏదో ఒకటి మాట్లాడమన్నారు. అది ఆఫీసు కబుర్లు చెప్పింది. చాలాసేపు విని, నా వైపు తిరిగారు.

"ఎనిమిదేళ్లప్పుడు కూడా ఇలాగే ఉండేదా దీని గొంతు?"

"అబ్బే, ఇంకా సన్నగా ఉండేది."

"ఎంత సన్నగా?"

ఆయన గిటారు తీసి, అన్నిటికంటే సన్నటి తీగ మీద ఒక్కో మెట్టూ పైకి వెళ్తూ, "ఇక్కడా? ఇక్కడా?" అని మీటసాగారు. నేను తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాను. చివరి మెట్టు దగ్గర ఆయన వేలు ఆగింది.

"ఇంకా పైన నాన్నా" అంది మా అమ్మాయి. "దీనిమీద అంత పైదాకా మెట్లు లేవు."

ఆయన గిటారు పక్కన పెట్టి, "అయితే పాడు" అన్నారు. అది సిగ్గుపడుతూనే వాన పాట అందుకుంది. మధ్యలో మాటలు మరిచిపోయింది. నేను అందించాను.