సుబ్బమ్మ మేడం ఆగ్స్‌బర్గ్ పాఠం

వేంపల్లెలో మా డిగ్రీ కాలేజీకి చరిత్ర మీద ప్రేమతో ఎవరూ రారు. కంప్యూటర్ కోర్సులో సీటు దొరకనివాళ్లు వస్తారు, గ్రూప్ పరీక్షల మీద ఆశ ఉన్నవాళ్లు వస్తారు, పెళ్లి కుదిరేదాకా ఇంట్లో ఊరికే ఎందుకని తల్లిదండ్రులు పంపినవాళ్లు వస్తారు. అలాంటి పిల్లలకు రామసుబ్బమ్మ మేడం ఏళ్ల తరబడి యూరప్ చరిత్ర చెప్పింది. నేను అదే కాలేజీలో తెలుగు చెబుతాను. మా నాన్నకు బజార్లో బట్టల అంగడి ఉంది. ఆమెది పక్క పల్లెలో భూములున్న పెద్ద సేద్యపు కుటుంబం. నేను అక్కా అని పిలుస్తాను, ఆమె నన్ను సుందరా అంటుంది. అందుకే ఇక్కడ గారు, వారు అని రాయడం నావల్ల కాదు.

ఆమెకు ఇరవై మూడేళ్లప్పుడు భర్త పోయాడు. పార్టీల కొట్లాటలో జీపు మీద బాంబులు వేశారు. ఆయన ఏ పక్షానికీ నాయకుడు కాదు, ఆ రోజు జీపులో చోటుందని ఎక్కాడు, అంతే. ఆమె పుట్టింటికి వచ్చేసింది. తిండి మాని గోడకేసి కూర్చుంటే, ఇంట్లో బంధువులంతా ఓదార్చి ఓదార్చి అలిసిపోయారు. గొడ్ల పాకలో పనిచేసే సుంకమ్మ మాత్రం గడప బయట కూర్చుని రోజూ సంగటి ముద్ద కలిపి లోపలికి చెయ్యి చాపేదట. గడప దాటి లోపలికి రాకూడదు కాబట్టి చెయ్యి మాత్రమే వచ్చేది. ఆ చేతిలోది తినే తాను బతికానని అక్క నాకు చాలాసార్లు చెప్పింది.

తర్వాత చదువుకుంది, ఉద్యోగం తెచ్చుకుంది, వేంపల్లెలో చిన్న ఇల్లు కట్టుకుంది. తండ్రి పోయేముందు బోరు పక్కనున్న చేను ఆమె పేర రాసిచ్చాడు. ఆయన సమాధి, తల్లి సమాధి ఆ చేన్లోనే ఉన్నాయి. మా వైపు సేద్యగాళ్లకు అది మామూలే. పెద్దవాళ్లను సొంత చేన్లో పెట్టి, పైన సిమెంటు గద్దె కట్టి, పండుగలకు టెంకాయ కొడతారు.

ఆమె పాఠం చెబుతుంటే నేను స్టాఫ్ రూమ్‌లోంచి వినేదాన్ని. మధ్యలో గోడ ఉందన్న మాటే గాని, దానికి చెవులు మూసే గుణం లేదు. ఎక్కడో జర్మన్ దేశాల సంగతిని ఆమె మా కడప జిల్లా మీదికి తెచ్చి కూర్చోబెట్టేది. వందల సంస్థానాలు, పేరుకు పైన ఒక చక్రవర్తి. చక్రవర్తి ఎక్కడో ఉంటాడు, మీ ఇంటి ముందర రోడ్డు పడాలా వద్దా అన్నది మాత్రం మీ ఊరి పెద్దాయన చేతిలో ఉంటుంది, అక్కడా అంతే అనేది. పాపాలు పోయే చీటీలు చర్చివాళ్లు అమ్ముతున్నారని లూథర్ అనే సన్యాసి గొంతెత్తాడు. అది దేవుడి సంగతి. ఆ సన్యాసిని దాచి కాపాడిన దొరకు చక్రవర్తి పెత్తనం గిట్టదు. అది రాజ్యం సంగతి. రెండూ కలిసి ముడిపడ్డాక విప్పడం ఎవరి తరమూ కాలేదు. ఊళ్లు రెండయ్యాయి, సైన్యాలు కదిలాయి, చక్రవర్తి యుద్ధం గెలిచి కూడా మనుషుల మనసు గెలవలేకపోయాడు.

అక్కడికి వచ్చేసరికి ఆమె గొంతు మారేది. పదిహేను వందల యాభై అయిదులో ఆగ్స్‌బర్గ్ ఊర్లో అందరూ కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నారు. ఎవరి నేల అయితే వారి మతం. దొరది ఏ పక్షమో అతని ప్రజలదీ అదే పక్షం. ఇష్టం లేనివాళ్లు ఆస్తి అమ్ముకుని, పన్ను కట్టి, తమ పక్షపు దొర ఉన్నచోటికి పోవచ్చు. దానివల్ల జర్మన్ నేల మీద అరవై ఏళ్లపాటు పెద్ద యుద్ధం రాలేదని ఆమె మురిసిపోయి చెప్పేది. కొట్లాట ఆగడం కంటే గొప్ప ధర్మం లేదని ఆమె నమ్మకం. ఆమె బతుకు తెలిసినవాళ్లెవరూ ఆ నమ్మకాన్ని తప్పుపట్టలేరు.

ఆ ఒప్పందంలో పాత చర్చి పక్షం, లూథర్ పక్షం, ఈ రెండింటికే చోటిచ్చారు. మూడో రకం మనుషులు కూడా ఉండేవాళ్లు. పసిపిల్లలకు నీళ్లు చిలకరిస్తే చాలదు, బుద్ధి తెలిసినాక మనిషికి మళ్లీ బాప్తిస్మం ఇవ్వాలనేవాళ్లు. వాళ్లకు ఏ దొరా నేల ఇవ్వలేదు. పుస్తకంలో ఆ సంగతి ఒక్క ముక్క ఉంది. పిల్లలెవరైనా అడిగితే, అది పరీక్షలో రాదమ్మా అని అక్క తర్వాతి పేజీకి పోయేది. నేనూ పట్టించుకోలేదు, నాకు నా ఛందస్సే చాలు.

వాళ్ల పల్లె బయట ఎస్సీ కాలనీ ఉంది. కాలనీలో తెల్లదొరల కాలంలో కట్టిన రాతి చర్చి ఉంది, చుట్టుపక్కల అందరూ అక్కడికే పోయేవాళ్లు. కొన్నేళ్ల కిందట పాపాఘ్నిలో నీళ్లు వచ్చినప్పుడు సుంకమ్మ, ఆమె మొగుడు దాసన్న, ఇంకో పదిళ్లవాళ్లు నదిలో మునిగి మళ్లీ బాప్తిస్మం తీసుకున్నారు. వేరే రేకుల షెడ్డు వేసుకుని అక్కడ ప్రార్థన మొదలుపెట్టారు. ఆదివారం వస్తే చర్చి మైకు షెడ్డు వైపు తిరిగేది, షెడ్డు మైకు చర్చి వైపు తిరిగేది. ఒక క్రిస్మస్‌కు తలలు పగిలి, పోలీసులొచ్చారు.

అక్క తమ్ముడు రామకృష్ణ ఆ ఊరికి పెద్ద. మంచివాడే. ఓట్ల లెక్క తప్ప వేరే లెక్క తెలియనివాడు. ఒక ఆదివారం భోజనాల దగ్గర, ఈ గొడవ తెగేదెట్లని అక్కనే అడిగాడు. అక్క ఆగ్స్‌బర్గ్ చెప్పింది. ఒక ఊరికి ఒక పక్షం అని తేల్చెయ్యి, ఒప్పుకోనివాళ్లు వేంపల్లెకు వచ్చి ప్రార్థన చేసుకుంటారు, దారి ఖర్చు తప్ప వాళ్లకు పోయేదేముంది అంది. చర్చివాళ్లు ఎక్కువమంది. వాళ్ల పాస్టరు యేసుప్రసాద్ రామకృష్ణ మాట దాటడు. ఇంకేం కావాలి? షెడ్డుకు తాళం పడింది. కాలనీ సమాధుల దొడ్డి చుట్టూ కొత్త గోడ లేచింది, గోడకు గేటు, గేటుకు తాళం. చర్చిలో సభ్యులైనవాళ్లనే లోపల పూడ్చాలని కట్టడి చేశారు. కొట్లాట ఆగింది. అక్క స్టాఫ్ రూమ్‌లో ఆ సంగతి చెప్పి, చరిత్ర పనికిరాదని ఎవరు చెప్పారు సుందరా అని నవ్వింది. ఆమె అంత నిండుగా నవ్వడం నేను చూసింది తక్కువ.

మూడేళ్లకు, సెప్టెంబరు నెలలో ఒక పొద్దున మేం కాలేజీకి పోయేసరికి దాసన్న గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. పక్కన కొడుకు ఏసుకుమార్. సుంకమ్మ తెల్లవారుజామున పోయింది. ఇంటిముందు పందిరి వేసి పడుకోబెట్టామని, సమాధుల దొడ్డి గేటు మాత్రం తియ్యడం లేదని చెప్పారు.  ఏసుకుమార్ శవాన్ని రోడ్డు మీద పెట్టి కూర్చుంటామంటున్నాడు. దాసన్న కొడుకును గద్దించలేదు, బతిమాలలేదు. అక్కతో మాత్రం నెమ్మదిగా అన్నాడు.

“ఊరిడిసి పొమ్మంటే పోతాం మేడమ్మా. బతికినోళ్లకు కాళ్లుండాయి. చచ్చిపోయినామె యాడికి పోతాది?”

అక్క గేటు దగ్గరే వెనక్కి తిరిగింది. పద సుందరా అంది. సెలవు చీటీ కూడా రాయకుండా ఇద్దరం ఆటో ఎక్కాం.

రామకృష్ణ వసారాలో నలుగురితో మాట్లాడుతున్నాడు. అక్క మొహం చూసి వాళ్లను పంపేశాడు. నేను అరుగు మీదే ఉండిపోయాను. తాళం తియ్యమని అక్క నేరుగా అడిగింది. అతను ఆమెకు ఎదురు చెప్పే మనిషి కాదు, ఆ రోజు మాత్రం చెప్పాడు.

“నువ్వు చెప్పిందే గదక్కా నేను చేసింది. ఇయ్యాల ఆయమ్మకు తీస్తే, రేపు షెడ్డుకు తియ్యమంటారు. ఎల్లుండి మళ్లా తలకాయలు పగులుతాయి. ఊరు నిమ్మళంగా ఉండాది, ఉండనీ.”

“నేను చెప్పింది తప్పు రామకృష్ణా.”

“తప్పో ఒప్పో, ఊరంతా దానికి అలవాటు పడింది.”

అందులో నిజం లేకపోలేదు, అదే నాకు ఒళ్లు మండించింది. ఒక మనిషిని ఆరడుగుల నేలకు దూరం పెట్టి, దానికి నిమ్మళమని పేరు పెట్టుకున్నారు. అక్కకు కోపం రాలేదు. ఆమె మొహంలో సిగ్గు కనిపించింది. అయితే సుంకమ్మను నా చేన్లో పెడతాను, నాయన పక్కన అంది.

రామకృష్ణ లేచి నిలబడ్డాడు. కాలనీ మనిషిని పెద్దల సమాధుల పక్కన పెడితే తాను ఇక ఆ చేన్లో ఎట్లా అడుగుపెట్టాలని అడిగాడు. కులపోళ్లకు ఏం జవాబు చెప్పాలని అడిగాడు. నాయన ఆత్మకు శాంతి ఉంటుందా అని కూడా అడిగాడు.

“నాయనకు గుంత తవ్వింది దాసన్న. ఆయప్ప చేతులతో తవ్విన గుంతలో నాయన పండుకోని పదైదేండ్లాయ. ఏమన్నా అశాంతి ఉంటే ఈపాటికి తెలిసుండేది.”

 అతను ఆపలేకపోయాడు. చేను ఆమె పేరు మీద ఉంది.

మధ్యాహ్నం మూడు గంటలకు సుంకమ్మను తెచ్చారు. వేంపల్లె నుంచి శామ్ అనే పాస్టరు వచ్చి ప్రార్థన చేశాడు. చిన్న వయసువాడు, పెద్దల సమాధుల వైపు చూసి గొంతు తగ్గించుకుంటుంటే, గట్టిగా చదవమని అక్కే చెప్పింది. రామకృష్ణ మనుషులు రోడ్డు మీద బండ్లు ఆపుకుని చూస్తున్నారు. యేసుప్రసాద్ చేను గట్టు దాకా వచ్చి, ఇంకో అడుగు ముందుకు వేసే ధైర్యం లేక, తల వంచుకుని నిలబడ్డాడు. అతన్ని చూస్తే నాకు అసహ్యమూ వేసింది, జాలీ వేసింది.

అందరూ తలా పిడికెడు మన్ను వేశారు. అక్క వంతు వచ్చింది. మన్ను పట్టుకుని గుంత అంచున మోకాళ్ల మీద కూర్చుంది గాని వెయ్యలేకపోయింది. సుంకమ్మా, నీకు ఊర్లో చోటు లేకుండా చేసింది నేనే అని పెద్దగా ఏడ్చింది. భర్త పోయినప్పుడు కూడా ఆమె గొంతెత్తి ఏడవలేదని ఊర్లో ముసలివాళ్లు అంటారు. ఆ ఏడుపు రోడ్డు మీదివాళ్లకూ వినిపించింది. దాసన్న వచ్చి ఆమె మణికట్టు పట్టుకుని, ఆ మన్ను తన చేతులతో వేయించాడు.

ఆ తర్వాత రామకృష్ణ అక్కతో మాటలు మానేశాడు. తండ్రికి టెంకాయ కొట్టడానికి కూడా ఆ చేనికి రావడం లేదు. కాలేజీలో అక్క ఆగ్స్‌బర్గ్ పాఠాన్ని మళ్లీ చెప్పింది. ఈసారి ఆ మూడో రకం మనుషుల దగ్గర మొదలుపెట్టింది. ఒప్పందానికి పాతికేళ్ల ముందే, ఒకరినొకరు పొడుచుకునే ఆ రెండు పక్షాలూ ఒక్క విషయంలో కలిశాయట. మళ్లీ బాప్తిస్మం తీసుకునేవాళ్లకు చావే శిక్ష అని. నీళ్లంటే అంత ఇష్టమైతే నీళ్లలోనే పొమ్మని చాలామందిని నదుల్లో ముంచి చంపారని చెప్పి ఆమె పుస్తకం మూసేసింది. పిల్లలు కాసేపు చూసి, బెల్లు కొట్టకముందే చప్పుడు చెయ్యకుండా బయటికి వచ్చేశారు. నిమ్మళంగా ఉన్న ఊరు కనిపిస్తే, ముందు అక్కడ ఎవరి నోరు మూయించారో చూడాలని ఆమె నాతో అంది. 

అక్టోబరులో దాసన్న కాలనీలో ఇల్లు అమ్మేశాడు. కమలాపురంలో కొడుక్కి బండల పాలిష్ పని దొరికింది, అక్కడికి పోయారు. వాళ్ల వెనకే షెడ్డువాళ్లు ఒక్కొక్కరుగా కదిలారు. షెడ్డు తాళం తియ్యాల్సిన అవసరం ఇక ఎవరికీ లేకుండా పోయింది.

నవంబరు రెండో తేదీన మా వైపు క్రైస్తవులు తమవాళ్ల సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. షెడ్డువాళ్లకు అది ఆచారం కాదు, చచ్చినవాళ్లకు పండుగేమిటంటారు. కాని ఆ ఒక్క రోజు సమాధుల దొడ్డి గేటు తీసి ఉంటుంది గనక సుంకమ్మ తన తల్లికి సున్నం కొట్టడం చివరిదాకా మానలేదట. అందుకని ఆ పొద్దున అక్క సున్నం బకెట్టు, కుంచె తీసుకుని చేన్లో సుంకమ్మకు కట్టించిన గద్దె దగ్గరికి పోయింది, నన్నూ రమ్మంది. చరిత్ర చెప్పిన చేతులు అవి. సున్నం ఒకచోట ముద్దగా, ఒకచోట పలచగా పడింది. పది గంటల బస్సుకు దాసన్న దిగాడు. అక్క కొట్టిన సున్నాన్ని ఒకసారి చూశాడు. కుంచె తీసుకుని, మొదటినుంచి రెండో పూత మొదలుపెట్టాడు. సుంకమ్మది అయిపోయాక అక్క తల్లిదండ్రుల సమాధులకు కూడా కొట్టాడు.

అప్పుడు అక్క అడిగింది. చేను ఆ చివర ఇల్లు కట్టుకోవడానికి జాగా రాసిస్తానంది. పక్కనే షెడ్డు కూడా వేసుకోవచ్చు, తాళం వేసే మొనగాడెవడో నేను చూస్తానంది. తిరిగి ఊరికి రమ్మని ఆమె బతిమాలుతుంటే నేను పక్కకు తిరిగాను. దాసన్న బోరు నీళ్లలో కుంచె కడుగుతూ విన్నాడు.

“ఆయమ్మకు చోటిచ్చినారు, మా తరాలు గుర్తు పెట్టుకుంటాయి మేడమ్మా. ఆమెకు ఇంగ ఎవురితో పనిలేదు గాబట్టి మీ చేను సరిపోయింది. మాకు ఊరు గావల్ల. అది ఇచ్చేది మీ చేతిలో లేదు.”

కుంచె నీళ్లు దులిపి ఆమె చేతికిచ్చి, కమలాపురం బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాడు.